సేకరణ కోసం కొనే కత్తి పిడిలో పగులు కనిపిస్తే దాన్ని ఎలా అంచనా వేయాలి?

పేరున్న పనివాడు స్వయంగా తయారుచేసిన కత్తిని కొనేవారు ముందుగా బ్లేడును చూస్తారు గాని, ధరను తారుమారు చేసేది చాలాసార్లు పిడి. అమెరికాలో కత్తుల తయారీదారుల సంఘాలైన నైఫ్‌మేకర్స్ గిల్డ్ 1970లో, అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ 1976లో ఏర్పడిన కాలంలో తయారైన కత్తులకు ఏనుగు దంతం, దుప్పి కొమ్ము, ముత్యపు చిప్ప, ఎబొనీ అనే నల్లని గట్టి కలప వంటివి పిడులుగా అమర్చారు. ఆ పిడులకు ఇప్పుడు నలభై, యాభై ఏళ్లు. దంతమూ కొమ్మూ కలపా గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతాయి, ఎండినప్పుడు కుంచించుకుపోతాయి. లోపలి ఉక్కు మాత్రం తేమకు కదలదు. ఈ పొత్తు కుదరకపోవడమే చాలా పగుళ్లకు మూలం. కాబట్టి పగులు ఉందా లేదా అన్నదాని కంటే, అది ఎక్కడ మొదలైంది, ఎటు పోతోంది, ఇంకా కదులుతోందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు వెతకాలి.

మొదట పదార్థాన్ని గుర్తించండి, ఎందుకంటే ఒకదానిలో లోపంగా లెక్కించే గీత మరొకదానిలో సహజ లక్షణం. సైబీరియా, అలాస్కా మంచునేలల్లో వేల ఏళ్లు పూడి ఉండి బయటపడిన మామత్ (అంతరించిన ఏనుగు జాతి) దంతం పైపొరలో, ఎండిన చెరువులోని నెర్రెల వంటి గీతలు ఉండడం మామూలే. వాటిని పలుచని జిగురుతో నింపి నునుపు చేయడం తయారీలో భాగమే గాని మోసం కాదు. దుప్పి కొమ్ము పైనున్న గాడులను కొత్తవారు పగుళ్లని పొరబడతారు. నిజమైన పగులు ఆ గాడులను లెక్కచేయకుండా వాటిని అడ్డంగా దాటిపోతుంది. ఇక్కడ ఒక మాట: పేరుపొందిన అమెరికన్ కత్తుల మీద కనిపించే మంచి కొమ్ములో ఎక్కువ భాగం మన దేశపు సాంబర్ దుప్పిది. 1990ల చివర్లో భారతదేశం దాని ఎగుమతిని నిలిపివేసింది కాబట్టి, పాత సాంబర్ పిడిలో చిన్న పగులు ఉందని దాన్ని తీసిపారేయడం నా దృష్టిలో తొందరపాటు. ముత్యపు చిప్ప సంగతి వేరు. అది తేమకు దాదాపు స్పందించదు గనుక, అందులో పగులు ఉందంటే దెబ్బ తగిలిందనో, పిడిని ఉక్కుకు బిగించే పిన్నును మితిమీరి బిగించారనో అనుకోవచ్చు.

తరువాత గదిని కాస్త చీకటి చేసి, చిన్న టార్చిని పిడి ఉపరితలానికి దాదాపు సమాంతరంగా పట్టుకుని, 10 రెట్ల భూతద్దంతో నెమ్మదిగా చూడండి. గోటిని గీత మీదుగా అడ్డంగా జరిపినప్పుడు తగలకపోతే అది పైపై గీతో, నింపిన పగులో అయి ఉంటుంది. తగిలితే తెరుచుకున్న పగులు. ఒక అంచు రెండో అంచు కంటే ఎత్తుగా ఉంటే పిడి ముక్క ఉక్కు నుంచి లేచిందని అనుమానించాలి, ఇది అన్నిటికంటే చెడ్డ సూచన. పగులు లోపల నల్లగా మురికి పట్టి ఉంటే పాతది, తెల్లగా శుభ్రంగా ఉంటే ఈ మధ్యే వచ్చినది కావచ్చు.

అసలు తీర్పు దిశలో ఉంటుంది. దంతంలో నార వెంట పొడవుగా సాగే వెంట్రుకంత సన్నని గీత, పిన్ను దాకా రాకుండా మధ్యలోనే ఆగిపోతే, వయసుతో వచ్చినదిగా భావించవచ్చు. పిన్ను రంధ్రం నుంచి బయలుదేరి అంచు దాకా పోయినది, లేదా ఒక పిన్నునూ మరో పిన్నునూ కలిపే గీత, పిడి కుంచించుకుపోవాలని చూస్తే ఉక్కు అడ్డుపడిందని చెబుతుంది. ఆ ఒత్తిడి ఇంకా మిగిలే ఉంటుంది. నారను అడ్డంగా కోసిన పగులు సాధారణంగా కింద పడడం వల్ల వచ్చినది. ముందుభాగంలో, బోల్‌స్టర్ అనే లోహపు పట్టీకీ పిడికీ మధ్య వెంట్రుక సందు ఏర్పడితే అది పగులు కాకపోయినా అదే కుంచింపుకు గుర్తు కనుక వదిలేయకండి. ఎబొనీ, కొమ్ము వంటివాటి కొసలను కూడా చూడాలి. పగుళ్లు తరచు అక్కడే మొదలవుతాయి.

ఇక కదలిక సంగతి. పగులుకు రెండు వైపులా బొటనవేళ్లతో మెల్లగా నొక్కండి. సందు మారినా, కిర్రుమన్నా జిగురు వదిలినట్టే. అలా కాకపోతే పక్కన స్కేలు పెట్టి దగ్గరి ఫొటో తీసి, కాలం మారాక అదే కోణంలో మళ్లీ తీయండి. హైదరాబాదులో మే నెల పొడిగాలికీ ఆగస్టు తేమకూ మధ్య పెద్ద తేడా ఉంటుంది, అమెరికాలో శీతాకాలపు హీటర్లు ఇంటి గాలిని అలాగే ఎండబెడతాయి. రెండు ఫొటోల్లో వెడల్పు మారకపోతే పగులు నిలకడగా ఉందని నమ్మవచ్చు. తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉండే చోట దాచడం మంచిది. వేడి దీపాలున్న అద్దాల బీరువాలో పెట్టడం మాత్రం వద్దు.

దాచిపెట్టిన మరమ్మతును పట్టడానికి అతినీలలోహిత టార్చి పనికొస్తుంది. దంతం నీలితెలుపుగా మెరుస్తుంటే, నింపిన జిగురు తరచు వేరే ఛాయలో గీతగా కనిపిస్తుంది. అసలు దంతమో కాదో తేల్చడానికి కాల్చిన సూదితో పరీక్షించమని చెప్పేవారిని నమ్మకండి, పరీక్షించినచోటే నష్టం మొదలవుతుంది. పగులులో నూనె పోయడం, మీరే జిగురు పట్టించడం కూడా వద్దు. నూనె పట్టిన చోట తరువాత ఏ జిగురూ సరిగా అంటుకోదు. తయారీదారు జీవించి ఉంటే ఫొటోలు పంపి సలహా అడగండి. పిడి మార్చడానికి ఒప్పుకున్నా తొందరపడకండి, ఎందుకంటే సేకర్తలు సాధారణంగా చిన్న పగులున్న అసలు పిడికే, కొత్తగా అమర్చిన మచ్చలేని పిడికంటే ఎక్కువ విలువ ఇస్తారు.

కొనేముందు చట్టం చూసుకోండి. భారతదేశంలో ఏనుగు దంతం, దుప్పి కొమ్ము వ్యాపారం నిషిద్ధం. కాలిఫోర్నియాలో 2016 జూలై 1 నుంచి, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, మామత్ దంతం అమ్మకాన్నీ ఆపేశారు. అనుమతి ఉన్న చోట బేరమాడేటప్పుడు, కదలని పైపై గీతకు తక్కువగానూ, పిన్ను నుంచి అంచుకు పోయిన పగులుకు గట్టిగానూ తగ్గింపు అడిగి, పగులు ఎక్కడ ఎంత పొడవున ఉందో రసీదులోనే రాయించుకోండి.