ఆటిజం ఉన్న బిడ్డ కస్టడీ: కోర్టుకు ఏం చూపాలి, ఆర్డర్‌లో ఏం రాయించుకోవాలి

బిడ్డ మామూలుగా ఏ ఊళ్లో ఉంటే ఆ ప్రాంతపు ఫ్యామిలీ కోర్టులోనే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేయాలి. హిందూ కుటుంబాల్లో ఐదేళ్లలోపు పిల్లల్ని సాధారణంగా తల్లి దగ్గరే ఉంచుతారు. ఏ వయసులోనైనా కోర్టు చివరికి చూసేది బిడ్డ క్షేమమే. అందుకే ఎదుటివారి తప్పులతో అఫిడవిట్ నింపేకన్నా, బిడ్డ రోజు ఎలా గడుస్తుందో ఒక్క పేజీలో పెట్టండి. ఎన్నింటికి లేస్తాడు, ఏం తింటాడు, అర్ధరాత్రి మేలుకుంటే పక్కన ఎవరుంటారు, స్పీచ్ థెరపీకి ఎవరు తీసుకెళ్తారు. థెరపిస్టు రిపోర్టు, యూడీఐడీ కార్డు (వైకల్యాన్ని గుర్తిస్తూ ప్రభుత్వం ఇచ్చే కార్డు) జతచేయండి. ఇవి లేకపోతే ‘ఆటిజం లేదు, గారాబమే చెడగొట్టింది’ అన్న వాదనతోనే వాయిదాలు గడిచిపోతాయి.

జడ్జి బిడ్డతో మాట్లాడే రోజు అన్నిటికన్నా ముఖ్యం. ‘అమ్మ దగ్గర ఉంటావా, నాన్న దగ్గరా?’ అని అడిగితే, విన్న మాటనే తిరిగి అనే పిల్లాడు ‘నాన్న దగ్గరా’ అనొచ్చు. అది వాడి ఇష్టం కాకపోవచ్చు, చివర విన్న ముక్క కావచ్చు. ప్రశ్న తిరగేసి అడిగితే జవాబూ తిరగబడొచ్చు. ఈ సంగతి ముందే కోర్టుకు మెమో (రాతపూర్వక వివరణ) వేసి చెప్పండి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద నిపుణుల సాయం కోరండి.

విజిటేషన్, అంటే బిడ్డ దగ్గర లేని తల్లి లేదా తండ్రి వచ్చి కలిసే ఏర్పాటు, కోర్టు ఆవరణలో పెట్టనివ్వకండి. ఆ రద్దీకి, కేకలకు బిడ్డ చెవులు మూసుకుని నేలమీద పడి ఏడిస్తే, ‘నా మీద నూరిపోశారు’ అంటారొకరు, ‘వాళ్లంటే భయం’ అంటారింకొకరు. ఏడిపించింది ఆ చోటు. తెలిసిన థెరపీ సెంటరో, ఇల్లో అడగండి. మొదట వారానికోసారి, అదే రోజు, అదే వేళకు రెండు గంటలు. కుదురుకున్నాక పూట, ఆ తర్వాతే రాత్రి బస. ఒకసారికి ఒక్క మార్పే. ఇల్లు మారిన నెలలోనే స్కూలు మార్చొద్దు. దుప్పటి, హెడ్‌ఫోన్లు రెండిళ్లలోనూ ఉండాలి. మాట్లాడటానికి వాడే ట్యాబ్ మాత్రం బిడ్డతోనే వెళ్లాలి. కోపంతో దాన్ని పంపకుండా ఉంచేసుకుంటే బిడ్డ నోరు నొక్కినట్టే.

‘ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి’ అన్న వాక్యంతో ఆర్డర్ ముగిస్తే మళ్లీ కోర్టుకే. మందు డోసు ఏ డాక్టరు మాట ప్రకారం మారుతుందో, థెరపీ ఫీజులో ఎవరి వాటా ఎంతో రాయించండి.

18 ఏళ్లు నిండినా, తనను తాను పోషించుకోలేని బిడ్డకు భరణం ఆగదు. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144వ సెక్షన్ కింద అడగొచ్చు. అప్పటికి గార్డియన్ కావాలంటే, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలోని లోకల్ లెవల్ కమిటీకి దరఖాస్తు చేయాలి.