తుఫాన్ల నెల రాకముందే తాబేలు పిల్ల గూడు: తడి కావాలి, చలి కాకూడదు

ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. మూడూ అక్టోబరు రెండో వారమే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేల తాబేలు పిల్లను పెంచేవాళ్లకి ఈ తేదీలు గుర్తుండాలి. గాలివానకి కరెంటు పోతుంది, గది చల్లబడుతుంది, గూట్లో తడి మాత్రం అలాగే ఉండిపోతుంది. 40 గ్రాముల పిల్లకి జబ్బు చేసేది సరిగ్గా ఇలాంటప్పుడే. అందుకే సెప్టెంబరు నెలాఖరుకల్లా గూడు సిద్ధం కావాలి. పిల్లను వదిలే ముందు కనీసం వారం రోజులు ఖాళీగా నడిపి, పగలూ రాత్రీ అంకెలు రాసుకోవాలి.

ముందు ఏ తాబేలో తేల్చుకోండి. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లను చూసి, అలాంటిదొకటి ఇంట్లో ఉంటే బాగుంటుందని పిల్లలు అడుగుతారు. కుదరదు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలు జీవి. పట్టుకున్నా, కొన్నా, ఇంట్లో ఉంచుకున్నా 3 నుంచి 7 ఏళ్ల జైలు. పొలం గట్టు మీద దొరికినా సరే, అటవీ శాఖకి అప్పగించాల్సిందే. తీరంలో గుడ్లు పగిలి బయటికొచ్చే ఆలివ్ రిడ్లే పిల్లలు సముద్రానివి, వాటిని ఇంటికి తేవడం అంటే చంపడమే. ఇక్కడ చెప్పేదంతా ఆఫ్రికా జాతి సల్కాటా గురించి. దానికీ కాగితాలు కావాలి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. ఇంకో మాట కూడా ముందే తెలియాలి. అరచేతిలో ఒదిగే ఈ పిల్ల పెద్దయ్యాక 40, 50 కిలోలు దాటుతుంది, మనిషి ఆయుష్షంత బతుకుతుంది. పెరడు లేనివాళ్లు తేకపోవడమే దానికి మేలు.

తడి ఎందుకు, చలి ఎందుకు వద్దు

సల్కాటా ఎడారి అంచుల జీవి కదా, పొడిగా ఉంచాలి అనుకుని చాలామంది పిల్లను పాడుచేస్తున్నారు. అడవిలో పిల్లలు ఎక్కువ సమయం బొరియల్లో, గడ్డి దుబ్బుల మొదట్లో చెమ్మగా ఉండే చోటే గడుపుతాయి. పొడిగాలిలో పెరిగిన పిల్లకి చిప్ప నున్నగా రాదు, ఒక్కో పలక గోపురంలా పైకి లేస్తుంది. ఒకసారి లేచింది మళ్లీ దిగదు. అంతకన్నా పెద్ద నష్టం లోపల జరుగుతుంది. ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతింటాయి. బయటికేమీ కనిపించదు, కొన్ని వారాలకి మేత మానేసి చనిపోతుంది.

కాబట్టి గాలిలో తేమ 70 నుంచి 80 శాతం ఉండాలి. అదే తేమ 24, 25 డిగ్రీల చల్లదనంలో ఉంటే ఊపిరితిత్తులకి జబ్బు పట్టుకుంటుంది. వెచ్చని తడి పిల్లను పెంచుతుంది, చల్లని తడి చంపుతుంది. కింద రాసిన కొలతలన్నీ ఈ లెక్క మీదే.

‘మనది తీరప్రాంతం, గాలి ఎప్పుడూ జిగటగానే ఉంటుందిగా’ అనే ధీమా పనికిరాదు. కళింగపట్నంలో ఉన్నా సరే, బల్బు వెలిగే పెట్టెలో గాలి వేడెక్కి తేమ ఇట్టే పడిపోతుంది. తేమ మీటరు పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

పెట్టె, నేల

4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు చాలు. గోడలు అవతలివైపు కనిపించనివి కావాలి. అద్దం గోడైతే పిల్ల అది గోడని గ్రహించదు, రోజంతా దాన్ని గోకుతూ నీరసిస్తుంది. చేపల అక్వేరియమే ఉంటే చుట్టూ ముదురు రంగు కాగితం అంటించండి. దాన్ని పొరపాటున కూడా ఎండలో పెట్టకండి. ఎండలో అద్దాల పెట్టె కొద్ది నిమిషాల్లోనే పొయ్యిలా మారిపోతుంది. పైన మూత ఉండాలి, లేకపోతే వేడీ తేమా రెండూ పైకి పోతాయి. మూతలో ఒక పక్క నాలుగు వేళ్ల సందు వదిలితే గాలి ఆడుతుంది.

నేలకి కొబ్బరి పొట్టును మించింది లేదు. ఉద్దానం వైపు వాళ్లకైతే ఇది వెతుక్కునే సరుకే కాదు. 5 కిలోల ఇటుక నానితే సుమారు 70 లీటర్లు అవుతుంది. ఈ పెట్టెలో 8 సెంటీమీటర్ల మందాన పరవడానికి సుమారు 60 లీటర్లు సరిపోతాయి, మిగిలింది దాచుకోండి. అయితే పొట్టులో ఉప్పు ఉంటుంది. బకెట్‌లో నానబెట్టి, పాత పంచెలో వేసి పిండి, కషాయం రంగు నీళ్లు పలచబడేదాకా రెండు మూడు సార్లు కడగండి. ఎరువు కలిపిన నర్సరీ మిశ్రమం వద్దు. ఇసుక, రంపపు పొట్టు, ఊక కూడా వద్దు. ఇసుక మేతతో పాటు కడుపులోకి పోయి పేగులో గడ్డకడుతుంది. ఊక కంట్లో గుచ్చుకుంటుంది.

గుప్పెడు పొట్టు తీసి గట్టిగా పిండితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలకి మించి నీళ్లు రాకూడదు. పైపొర ఎండినప్పుడు మీద చిలకరించకండి. లీటరు గోరువెచ్చని నీళ్లు నాలుగు మూలల్లో పోయండి. అడుగు తడిగా, పైన పొడిగా ఉండటమే కావాల్సింది. పైన కూడా చిత్తడిగా ఉంటే కడుపు వైపు చిప్పకి కుళ్లు పడుతుంది.

పగిలిన కుండ సగం బోర్లిస్తే దాక్కునే గుహ తయారవుతుంది. అంచులు రాతి మీద రుద్ది నునుపు చెయ్యండి. నీళ్లకి పూలకుండీల కింద పెట్టే మట్టి పళ్లెం పొట్టులో నేల మట్టానికి దించండి, లోతు పిల్ల మెడ కింది దాకానే. నిటారు రాళ్లు, ఎక్కే మెట్లు వద్దు. వెల్లకిలా పడ్డ పిల్ల బల్బు కింద గంటల తరబడి ఉంటే బతకదు.

చీమల మాట మరిచిపోవద్దు. వాన పడగానే బొరియల్లోంచి లేచి మిగిలిన మేత కోసం వస్తాయి, పిల్ల కళ్ల మీద కుడతాయి. పెట్టెను బల్ల మీద పెట్టి, బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. చీమల చాక్‌పీసు గీయకండి, ఆ గదిలో దోమల బిళ్ల వెలిగించకండి.

వేడి, వెలుతురు

ఒక చివర ఎండకాచుకునే చోటు 35 నుంచి 38 డిగ్రీలు, అవతలి చివర 27 నుంచి 28. రాత్రి ఏ మూలా 26కి తగ్గకూడదు. డిసెంబరు, జనవరిల్లో ఇక్కడ రాత్రులు 20 లోపుకి దిగుతాయి కాబట్టి వెలుగు లేకుండా వేడి ఇచ్చే 60 వాట్ల సిరామిక్ హీటర్ కావాలి. దానికి పింగాణీ హోల్డరే వాడాలి, ప్లాస్టిక్‌ది కరిగి నిప్పంటుకుంటుంది. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ లేకుండా హీటర్ పెట్టొద్దు. థర్మోస్టాట్ తీగ కొన పిల్ల వీపు ఎత్తులో ఉండాలి, గోడ పైన కాదు. కింది నుంచి వేడిచేసే రాళ్లు కొనకండి. పొట్ట కాలుతున్నా తాబేలు తొందరగా కదలదు.

కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలో యూవీబీ కిరణాలు ఉండవు, అవి లేకపోతే ఎముక గట్టిపడదు. వాన లేని రోజుల్లో ఉదయం అరగంట, సగం నీడ ఉన్న తొట్టిలో పెట్టి, పైన ఇనప జాలీ కప్పండి. కాకి ఒక్క క్షణంలో ఎత్తుకుపోతుంది. అక్టోబరులో మబ్బు ఒక్కోసారి రోజుల తరబడి వీడదు, కాబట్టి 10 నుంచి 12 శాతం యూవీబీ ట్యూబు సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. మధ్యలో అద్దం గానీ ప్లాస్టిక్ గానీ ఉండకూడదు. ఏడాదికోసారి మార్చండి. వెలుతురు బాగానే కనిపిస్తుంది కానీ లోపల యూవీబీ తగ్గిపోయి ఉంటుంది.

మేతకి గరిక, గడ్డి చామంతి, మందార ఆకులు, మల్బరీ ఆకు, అప్పుడప్పుడు మునగాకు. గోంగూర, పాలకూర వద్దు, వాటిలోని ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. అన్నం, బ్రెడ్డు, పండ్లు కూడా వద్దు. బారువ, భావనపాడు ఒడ్డున దొరికే సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక) ముక్కని మంచినీళ్లలో నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి పెడితే పిల్ల తనకు కావాల్సినంత కొరుక్కుంటుంది. రోజూ ఉదయం పై చిప్ప, కింది చిప్ప కలిసే గీత దాకా గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు ఉంచి, తుడిచి గూట్లో వదలండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, చిన్న పిల్లలు మరీను. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉంటుంది.

కరెంటు పోయాక

తుఫాను హెచ్చరిక రాగానే చేపల మార్కెట్లో దొరికే థర్మోకోల్ పెట్టె ఒకటి తెచ్చి, కడిగి, ఆరబెట్టి, మూతకి పెన్సిల్ లావు రంధ్రాలు ఎనిమిది వేసి ఉంచండి. 150 ఏహెచ్ బ్యాటరీ బాగుంటే, ఇన్వర్టర్ మీద ఈ 60 వాట్ల హీటర్ ఒక్కటే వేస్తే సుమారు 15 గంటలు వస్తుంది. ఫ్యాన్లు కూడా తిరిగితే అందులో సగం కూడా రాదు. అది అయిపోయాక థర్మోకోల్ పెట్టెలో కొంచెం చెమ్మ పొట్టు వేసి, పిల్లను అందులోకి మార్చండి. లీటరు సీసాలో వేడినీళ్లు పోసి తువ్వాలు చుట్టి ఒక చివర పెట్టండి, మూడు నాలుగు గంటలకోసారి మార్చండి. థర్మామీటరు లోపలే ఉండాలి. గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి, ఆ విషవాయువు మీకూ పిల్లకీ కూడా ప్రమాదమే.

ఆ రోజుల్లో మేత మానేయండి. ఒళ్లు చల్లగా ఉంటే తిన్నది అరగదు, కడుపులోనే పులుస్తుంది. రెండు మూడు రోజుల పస్తుకి ఏమీ కాదు, గోరువెచ్చని నీళ్ల స్నానం మాత్రం ఆపకండి.

ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తియ్యడం, కళ్లు ఉబ్బి మూసుకుపోవడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా అదే రోజు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. వారానికోసారి వంటింటి డిజిటల్ తూకం మీద గ్రాముల్లో తూచి రాసుకుంటే, కంటికి కనిపించని తగ్గుదల కాగితం మీద కనిపిస్తుంది. ఆ తూకాన్ని మళ్లీ వంటకి వాడకండి.

కరెంటు వచ్చాక గూటిని ముందు ఖాళీగా వేడెక్కనివ్వండి. అన్ని మూలలూ 27 దాటాక నీళ్లలో ఉంచి, తర్వాతే లోపల వదలండి. మేత మర్నాడు. అది కూడా చెయ్యి పెట్టి ఏరి తెచ్చిందే కావాలి. గాలివానకి పెరట్లో గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త ఆకులు చిరిగి గరికలో కలిసి ఉంటాయి.