వాచీలో నిద్ర గీతలు తేడాగా ఉన్నాయా? ముందు మణికట్టు చూడండి, తర్వాత రాత్రిని, ఆ తర్వాతే ఒంటిని

"బామ్మర్దీ, నిన్న రాత్రి నాకు డీప్ స్లీప్ తొమ్మిదే నిమిషాలంట. మెదడుకేమన్నా అయ్యుంటదా?"

పొద్దున ఆరున్నరకి గుంటూరు నుంచి మా బావ ఫోను. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం ఆయనది. కొడుకు కొనిచ్చిన స్మార్ట్ వాచీ చేతికెక్కిన దగ్గర్నుంచి యార్డు ధరలకన్నా ఈ గీతల్నే ఎక్కువ చూస్తున్నాడు. నాకు విజయవాడలో ఫోన్లు, వాచీలు బాగుచేసే కొట్టు ఉంది కాబట్టి, చుట్టాలందరికీ నేనే నిద్ర డాక్టర్ని. డాక్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా వినరు. ఇలాంటి ఫోన్లు వచ్చినప్పుడు నేను అడిగే ప్రశ్నలు, చెప్పే మార్గాలు ఇవీ.

ముందు ఒక్క మాట: వాచీకి కనిపించేదేమిటి?

నిద్ర దశల్ని అసలు తేల్చేది మెదడు తరంగాల్ని బట్టి. స్లీప్ స్టడీలో తలకి, కళ్ళ పక్కన, గడ్డం కింద తీగలు అంటించి, రాత్రంతా వచ్చిన గీతల్ని 30 సెకన్ల ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క ఏ దశో రాస్తారు. వాచీ దగ్గర ఆ తీగలేవీ లేవు. చెయ్యి కదిలిందా లేదా చెప్పే సెన్సరు ఒకటి, చర్మం మీద పచ్చ లైటు కొట్టి నాడి లెక్కగట్టే సెన్సరు ఒకటి. నాడి నెమ్మదించి నిలకడగా ఉంటే డీప్, అంటే గాఢ నిద్ర అంటుంది. చెయ్యి కదలకుండా నాడి మాత్రం ఎగుడుదిగుడుగా ఉంటే రెమ్, అంటే కలలు ఎక్కువగా వచ్చే నిద్ర అంటుంది. మిగిలినదంతా లైట్, అంటే పైపై నిద్ర. కొన్ని వాచీలు దాన్నే కోర్ అంటాయి. అంతా అంచనాయే. కొన్ని వాచీలు అరటిపండుకి కట్టినా నాడి చూపిస్తాయి, ఆ సంగతి మనసులో పెట్టుకోండి.

డీప్ దాదాపు సున్నా చూపిస్తోంది

పెద్దవాళ్ళకి డీప్ సుమారుగా మొత్తం నిద్రలో 13 నుంచి 23 శాతం దాకా ఉంటుంది. ఏడు గంటలు పడుకుంటే గంటకి కాస్త అటూ ఇటూ అనుకోండి. అరవై దాటినవాళ్ళకి అది తగ్గడం మామూలే. అంతేగానీ, కులాసాగా తిరిగే మనిషికి ఒక్కసారిగా తొమ్మిది నిమిషాలకి పడిపోయిందంటే నాకు మొదట అనుమానం పట్టీ మీదే.

"బావా, వాచీ తీసి వెనక్కి తిప్పి చూడు."

చూశాడు. లైట్లు వచ్చే గాజు మీద చెమట ఉప్పు తెల్లగా పొరకట్టి ఉంది, అంచున కారప్పొడి ఎర్రగా ఇరుక్కుని ఉంది. యార్డు మనిషి కదా. పైగా వాచీ మణికట్టు ఎముక మీదే, చేతి గాజులా వేలాడుతోంది. పక్క మీద దొర్లినప్పుడల్లా అది లేచి, కింద సందు పడి, నాడి లెక్క చెడుతుంది. లెక్క చెడితే వాచీ ధైర్యంగా డీప్ అని చెప్పలేదు, లైట్‌లో వేసేస్తుంది.

మెత్తని తడిగుడ్డతో గాజు తుడిచి, ఆరాక ఎముకకి ఒక వేలు వెడల్పు పైకి కట్టండి. చర్మం మీద జారకూడదు, పొద్దున లేచేసరికి లోతుగా అచ్చు పడనూ కూడదు. ఆడవాళ్ళు గాజులున్న చేతికి కాకుండా రెండో చేతికి పెట్టుకుని, ఆ మార్పు యాప్‌లో కూడా చెప్పాలి. మణికట్టు మీద ముదురు రంగు పచ్చబొట్టు ఉంటే లైటు దాన్ని దాటలేదు, చెయ్యి మార్చడమొకటే దారి. ఇలా మూడు రాత్రులు చూడండి. ఒక్క రాత్రి అంకె పట్టుకుని నన్ను లేపొద్దు.

పట్టీ సరిచేసినా డీప్ తక్కువే ఉంటే అప్పుడు రాత్రిని అనుమానించాలి. డీప్ ఎక్కువ భాగం నిద్రలో మొదటి మూడో వంతులోనే వస్తుంది. కాబట్టి పడుకునే ముందు ఏం చేశామన్నదే దానికి దెబ్బ. బందరు రోడ్డు మీద రాత్రి తొమ్మిదికి తాగిన స్ట్రాంగ్ టీలో కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పది దాటాక బిర్యానీ తిని పడుకుంటే అరుగుదల కోసం గుండె వేగంగానే కొట్టుకుంటూ ఉంటుంది. జ్వరమొచ్చినా అంతే. బీపీకి, గుండెదడకి వేసుకునే కొన్ని మాత్రలు నాడినే మార్చేస్తాయి, అలాంటివాళ్ళ డీప్, రెమ్ అంకెల్ని నేను అసలు లెక్కలోకే తీసుకోను. మాత్ర మానేసి చూద్దామనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

నిద్రే పట్టలేదు, అది మాత్రం ఎనిమిది గంటలు పడుకున్నానంటోంది

మా పిన్ని ఫిర్యాదు ఇది. రాత్రి తొమ్మిదిన్నర నుంచి సీరియల్ చూస్తూ కదలకుండా దిండుకి ఆనుకుని ఉంటుంది, వాచీ దాన్ని నిద్రలో వేసేస్తుంది. కదలకుండా మేలుకుని ఉండటాన్ని పట్టుకోవడంలో అన్ని వాచీలూ వీకే. పడుకున్న టైమూ, లేచిన టైమూ యాప్‌లో చేత్తో దిద్దుకోండి. నిద్రలేమి నిజంగా ఉన్నవాళ్ళు డాక్టరు దగ్గరికి వాచీ లెక్కతో కాదు, రెండు వారాలు కాగితం మీద రాసుకున్న లెక్కతో వెళ్ళాలి.

దశలే రావడం లేదు, ఒక్కటే చార కనిపిస్తోంది

చాలా వాచీలకి దశలు గీయాలంటే కనీసం మూడు గంటల వరస నిద్ర కావాలి. సీజన్‌లో మా బావకి రాత్రి ఒంటిగంటకి లారీ వస్తుంది, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దించాక మళ్ళీ నాలుగింటికి పడుకుంటాడు. రెండు ముక్కలూ మూడు గంటలకి తక్కువే. వాచీ చెడిపోలేదు. చార్జింగ్ బాగా తగ్గినప్పుడూ ఇదే తంతు, సాయంత్రం స్నానానికి వెళ్ళినప్పుడు చార్జింగుకి పెట్టుకోండి చాలు.

రెమ్ తక్కువ, తెల్లవారుజామంతా మెలకువ గీతలే

రెమ్ మామూలుగా 20 నుంచి 25 శాతం. సుమారు 90 నిమిషాలకొకసారి తిరిగే చక్రంలో ప్రతిసారీ కాస్త కాస్త పెరుగుతూ తెల్లవారుజాముకి ఎక్కువ పోగుపడుతుంది. అందుకని నాలుగింటికి అలారం పెట్టుకునేవాళ్ళు మొత్తం నిద్రలో కోసుకునేది ఎక్కువగా రెమ్‌నే. మందు తాగితే రాత్రి మొదటి సగంలో రెమ్ అణిగిపోయి, మత్తు దిగాక రెండో సగంలో ముక్కలు ముక్కలుగా వస్తుంది. డిప్రెషన్‌కి వాడే మాత్రల్లో చాలావాటికి కూడా రెమ్‌ని తగ్గించే గుణం ఉంది.

మన ఊళ్ళకి ప్రత్యేకమైన కారణం ఎండ. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో రాత్రి మూడింటికి కరెంటు పోయి, ఏసీ ఆగి, ఇన్వర్టరు మీద ఫ్యాను మాత్రమే తిరుగుతోందనుకోండి. రెమ్ నిద్రలో ఒంటికి వేడిని సర్దుకునే శక్తి బాగా తగ్గుతుంది, కాబట్టి ఆ ఉక్కపోతకి ముందు తెగేది రెమ్మే. మే, జూన్ గీతల్ని జనవరి గీతలతో పోల్చి బెంగపడకండి.

పడుకున్న ఐదు నిమిషాలకే రెమ్ చూపిస్తోంది

నూటికి తొంభై పాళ్ళు వాచీ పొరపాటే. టీవీ చూస్తూ కునికినప్పటి ఎగుడుదిగుడు నాడిని అలా చదివి ఉంటుంది. కానీ పగలు బండి నడుపుతూ, మాట్లాడుతూ కూడా ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తుంటే, నవ్వినప్పుడు మోకాళ్ళు వదులైపోతుంటే న్యూరాలజీ డాక్టర్ని కలవాలి. కలలో కొట్టినట్టు నిజంగానే చేతులు విసిరేవాళ్ళు కూడా.

ఫలానా తేదీ నుంచి అంకెలన్నీ మారిపోయాయి

యాప్ అప్‌డేట్ చూడండి. లెక్కగట్టే పద్ధతి కంపెనీ మార్చి ఉంటుంది.

రక్తంలో ఆక్సిజన్ చూపించే గీత రంపంలా ఉంది

ఇది నవ్వేసి వదిలే విషయం కాదు. చెయ్యి ఒంటికింద నలిగినా, పట్టీ వదులైనా ఆక్సిజన్ ఒకటి రెండుసార్లు తప్పుగా పడిపోయినట్టు చూపిస్తుంది, నిజమే. కానీ రోజూ రాత్రి పడటం, లేవడం, పడటం, లేవడం ఉంటే పక్కన పడుకునేవాళ్ళని అడగాలి. వాచీ కంటే వాళ్ళ సాక్ష్యమే గట్టిది.

బావ పట్టీ సర్దుకున్నాక డీప్ నలభై నిమిషాలకి వచ్చింది. ఆయన సంబరపడ్డాడు. నేను మాత్రం ఫోను అక్కకివ్వమన్నాను.

"గురక పెడతాడా అక్కా?"

"గురకకి అలవాటు పడ్డాన్రా. మధ్యలో గప్‌చుప్‌న ఆగిపోతది చూడు, అప్పుడే నాకు భయం. నేను లెక్కపెట్టుకుంటా. పదిహేను, ఇరవై అన్నాక గుర్రుమని లేస్తాడు."

పది సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగితే ఒకటిగా లెక్క. గంటకి ఐదు దాటితే స్లీప్ ఆప్నియా, ముప్పై దాటితే తీవ్రం అంటారు. లావు మెడ, బీపీ, పొద్దున తలనొప్పి, పగటి కునుకు తోడుంటే ఆలస్యం చెయ్యకూడదు. ఊపిరితిత్తుల డాక్టరో, చెవి ముక్కు గొంతు డాక్టరో స్లీప్ స్టడీ రాస్తారు, ఇంట్లోనే చేసే చిన్న పరీక్ష కూడా ఉంది. బావకి గంటకి ముప్పై నాలుగు వచ్చాయి. రాత్రి ముక్కుకి గాలి పంపే సీపాప్ మిషను ఇచ్చారు.

మిషను పెట్టిన మూడో పొద్దున మళ్ళీ ఫోను.

"బామ్మర్దీ, ఈసారి రెమ్ రెండున్నర గంటలంట! ఇదేం జబ్బురా?"

"జబ్బు కాదు బావా. ఇన్నేళ్ళు ఊపిరాగి లేచి లేచి పోగొట్టుకున్న నిద్ర, మొదటి రోజుల్లో అలా ఎగబడి వస్తుంది. కొన్నాళ్ళకి సర్దుకుంటుంది."

"అట్టాగా. మరి డీప్ నలభై నుంచి ముప్పై ఎనిమిదికి తగ్గిందే?"