రెండు కథల్ని పోల్చమన్నారా? ముందు ఆ పట్టిక పక్కన పెట్టండి

రెండు కథలిచ్చి పోలికలూ తేడాలూ రాయమనగానే చాలామంది చేసే పని ఒకటే. కాగితం మధ్యలో గీత గీసి, పాత్రలు, నేపథ్యం, సంఘర్షణ, ముగింపు అని వరసగా రాసుకుని గళ్లు నింపేయడం. నేనూ చాలాకాలం అదే చేశాను. గళ్లన్నీ నిండుతాయి గానీ అందులోంచి వ్యాసం పుట్టదు, "మొదటి కథ పల్లెలో జరుగుతుంది, రెండోది పట్నంలో జరుగుతుంది" లాంటి వాక్యాలు ఓ ఇరవై పోగవుతాయి, అంతే. చదివేవాళ్లకి "అయితే ఏంటట?" అనిపిస్తుంది. పట్టిక అసలు వేయొద్దని కాదు, మీ కోసం వేసుకోండి, దాన్నే వ్యాసం అనుకోకండి.

వట్టి మాటలతో చెబితే అర్థం కాదు కాబట్టి రెండు కథలు తీసుకుందాం. ఫ్రెంచ్ రచయిత మొపాసా రాసిన "ది నెక్లెస్" (1884), అమెరికన్ రచయిత ఓ. హెన్రీ రాసిన "ది గిఫ్ట్ ఆఫ్ ద మేజై" (1905). చదవనివాళ్లు ఇక్కడే ఆగి చదివి రండి, రెండూ కలిపి గంట పట్టవు, కింద ముగింపులన్నీ చెప్పేస్తాను మరి.

మొదటి కథలో మతిల్డ్ ఓ గుమాస్తా భార్య. పెద్దవాళ్ల విందుకి వెళ్లడానికి స్నేహితురాలి దగ్గర వజ్రాల హారం అరువు తెచ్చుకుంటుంది, పోగొడుతుంది, ఆ సంగతి చెప్పకుండా 36,000 ఫ్రాంకులు పెట్టి అలాంటిదే కొని ఇచ్చేస్తారు, ఆ అప్పు తీర్చడానికి మొగుడూ పెళ్లాం పదేళ్లు చాకిరీ చేస్తారు. చివర్లో తెలిసేదేంటంటే అసలు హారం నకిలీది, మహా అయితే 500 ఫ్రాంకులు చేస్తుంది. రెండో కథలో డెల్లా చేతిలో ఉన్నది 1 డాలరు 87 సెంట్లు. భర్తకి క్రిస్మస్ కానుక కొనాలని తన జుట్టు 20 డాలర్లకి అమ్మి, అతని గడియారానికి 21 డాలర్లు పెట్టి గొలుసు కొంటుంది. జిమ్ ఆ గడియారం అమ్మేసి ఆమె జుట్టుకి దువ్వెనలు తెస్తాడు.

ఈ జంటని ఎందుకు ఎంచుకున్నానంటే, పోలికకి గట్టి నేల ఉండాలి. ఏ పోలికా లేని రెండు కథల్ని పక్కన పెడితే అన్నీ తేడాలే, అన్నీ కలిసే కథల్ని పెడితే చెప్పడానికేం ఉండదు. ఇక్కడ డబ్బుకి ఇబ్బంది పడే దంపతులు, ఓ అలంకార వస్తువు, చివర్లో కొసమెరుపు, మూడూ రెండు చోట్లా ఉన్నాయి. అయినా మొదటిది చదివాక గుండె బరువెక్కుతుంది, రెండోది చదివాక తేలికపడుతుంది. దినుసులు అవే అయినప్పుడు రుచి ఎందుకు మారింది? మీ వ్యాసం మొత్తం ఈ ఒక్క ప్రశ్నకి జవాబు. ఇలాంటి ప్రశ్న మీ జంటలో దొరికేదాకా రాయడం మొదలుపెట్టకండి.

జవాబు వెతకడానికే కథాంగాలు. అన్నిటికీ సమానంగా చోటివ్వక్కర్లేదు. ఈ జంటలో నేపథ్యం గురించి నేనైతే రెండు వాక్యాలు రాసి వదిలేస్తాను. పారిస్, న్యూయార్క్ అన్న తేడా కన్నా కాలం తేడా పనికొస్తుంది, ఒకటి పదేళ్లకి పైగా సాగుతుంది, ఇంకోటి దాదాపు ఒక్క సాయంత్రంలో ముగుస్తుంది. ఒక్క సాయంత్రంలో పోయింది జుట్టూ గడియారమే, పదేళ్లలో పోయింది వయసు.

ఎక్కువసేపు ఆగాల్సింది కథ ఎవరి కోణం నుంచి నడుస్తోందన్న చోట. చాలామంది "ప్రథమ పురుషలో (అతను, ఆమె అంటూ) చెప్పారు" అని రాసి దాటేస్తారు, దానివల్ల ఒరిగేదేం లేదు. కోణం మార్చి చూడండి, అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. హారం కథని అరువిచ్చిన స్నేహితురాలి వైపు నుంచి చెబితే ఏమవుతుంది? అది నకిలీదని ఆమెకి మొదటినుంచీ తెలుసు కాబట్టి కొసమెరుపే ఉండదు. డెల్లా కథని జిమ్ వైపు నుంచి చెబితే, గడియారం అమ్మిన సంగతి ముందే తెలిసిపోతుంది, ఇంటికొచ్చి కత్తిరించిన జుట్టు చూడగానే మలుపు అక్కడే అయిపోతుంది. అంటే రెండు కథలూ మనల్ని భార్య పక్కనే కూర్చోబెట్టి, ఆమెకి తెలియనిది మనకీ తెలియకుండా చూసుకున్నాయి. ఇది పోలిక. తేడా ఏంటంటే, డెల్లా కథలో కథకుడు ఊరుకోడు, మధ్యలో మనతో మాట్లాడతాడు, ఆఖర్న వచ్చి వీళ్లిద్దరూ తెలివైనవాళ్లేనని తీర్పు చెప్పి మరీ వెళతాడు. మొపాసా కథ స్నేహితురాలి మాట దగ్గరే ఆగిపోతుంది. ఓదార్చే మనిషి ఒకచోట ఉన్నాడు, ఇంకోచోట లేడు, మనకి కలిగే బరువులో సగం అక్కడినుంచే వస్తుంది. (నాకైతే ఆ చివరి తీర్పు కాస్త ఎక్కువైంది అనిపిస్తుంది, అది వేరే గొడవ.)

పాత్రల దగ్గర "ఈమె ఆశపోతు, ఆమె త్యాగమయి" అని ముద్ర కొట్టేయకండి. విశేషణాలు వదిలేసి, ఎవరు ఏం వదులుకున్నారో చూడండి. నేను అలా వెతుకుతుంటేనే భర్తలు కనబడ్డారు. జిమ్ అమ్మిన గడియారం తండ్రి, తాతల నుంచి వచ్చింది. మతిల్డ్ భర్త కూడా తుపాకీ కోసం దాచుకున్న 400 ఫ్రాంకులు ఆమె గౌనుకి ఇచ్చేస్తాడు, తర్వాత హారం కోసం తండ్రి నుంచి వచ్చిన 18,000 ఫ్రాంకులు ధారపోస్తాడు. ఇద్దరూ తండ్రి ఇచ్చిన ఆస్తినే భార్య కోసం వదిలేసుకున్నారు. జిమ్ త్యాగం గురించి అందరూ మాట్లాడతారు, ఆ గుమాస్తాని ఎవరూ పట్టించుకోరు. ఎందుకంటే కథ కూడా పట్టించుకోలేదు, ఒక్కో వాక్యంలో చెప్పి పక్కకి తోసేసింది. ఇలాంటిది ఒక్కటి దొరికితే చాలు, వ్యాసం మీదవుతుంది.

ఇప్పుడు అసలు వాక్యం. నాకు తోచింది ఇది: "రెండు కథల్లోనూ దెబ్బ తగిలేది దాచడం వల్లే. ఒకచోట దాచింది పరువు కోసం, ఇంకోచోట ప్రేమ కోసం, అందుకే ఒకే రకం కొసమెరుపు ఒకచోట శిక్షలాగా, ఇంకోచోట కానుకలాగా పడుతుంది." మీ వాక్యానికి ఓ పరీక్ష పెట్టండి, దాన్ని ఎవరైనా కాదనగలరా? పైదాన్ని కాదనొచ్చు, కానుక లేకుండా నిలబడలేకపోవడం డెల్లాకీ పరువు సమస్యే కదా అనొచ్చు. మంచిదే, వాదించడానికి చోటుంది. "రెండింటిలో పోలికలూ ఉన్నాయి, తేడాలూ ఉన్నాయి" అనేదాన్ని ఎవరూ కాదనలేరు, అందుకే అది పనికిరాదు.

మాటల విషయంలో ఒక జాగ్రత్త. ఇతివృత్తం అన్న మాటని కొందరు సంఘటనల అల్లికకి వాడతారు, కొందరు కథ దేని గురించి అన్నదానికి వాడతారు. మీరు ఏ అర్థంలో వాడుతున్నారో తేల్చుకుని చివరిదాకా అదే వాడండి, లేకపోతే మూడో పేరాకల్లా మీకే తికమక మొదలవుతుంది. నేను సంఘటనల వరసని కథాక్రమం అనీ, అది దేని గురించో దాన్ని వస్తువు అనీ రాసుకుంటాను. వస్తువు గురించి మాత్రం ఆఖర్న రాయండి, మొదట్లోనే "డబ్బు ముఖ్యం కాదన్నది ఈ కథల సందేశం" అనేస్తే తర్వాత రాసేదంతా దానికి తోకలా వేలాడుతుంది.

వరస ఎలా పెట్టాలంటే, ఒక కథంతా చెప్పి తర్వాత రెండోది చెప్పడం తేలికే, కానీ సగం చదివేసరికి మొదటి కథలో ఏం చెప్పారో చదివేవాళ్లు మర్చిపోతారు. ఒక పేజీ రాయాలంటే అలా నడిచిపోతుంది. అంతకు మించితే ఒక్కో అంశం తీసుకుని రెండు కథల్నీ అదే పేరాలో పట్టుకోండి. కోణం గురించి ఓ పేరా, వదులుకున్నవాటి గురించి ఓ పేరా, దాచడం గురించి పెద్ద పేరా. ప్రతి మాటకీ కథలోంచి ఓ వివరమో అంకెనో చూపించండి. "పేదరికం ఉంది" అనే బదులు గొలుసు కొన్నాక డెల్లా చేతిలో మిగిలింది 87 సెంట్లు అని రాస్తే సరిపోతుంది. కథ మొత్తం తిరిగి చెప్పడానికి మాత్రం దిగకండి, పైన నేను చెప్పినంత చాలు.

చిత్తు పూర్తయ్యాక ఒక్కో వాక్యంలో కథల పేర్లూ పాత్రల పేర్లూ కొట్టేసి చదవండి. "రెండు కథల్లోనూ పాత్రలు సజీవంగా ఉన్నాయి" లాంటి వాక్యం ప్రపంచంలో ఏ రెండు కథలకైనా అతుకుతుంది, దాన్ని తీసేయండి. నా మొదటి చిత్తులో మూడోవంతు ఎప్పుడూ ఇక్కడే పోతుంది.