మొదటిసారి క్రూజ్‌కి వెళ్తున్నారా? ఇబ్బంది ఎక్కడొస్తుంది, ఎందుకొస్తుంది, ఏం చేయాలి

అమెరికాలో ఉన్న మన కుటుంబాల్లో, అమ్మానాన్నలు వచ్చినప్పుడు క్రూజ్‌కి తీసుకెళ్లడం ఇప్పుడు బాగా పెరిగింది. మయామి, పోర్ట్ కెనావరల్, గాల్వెస్టన్ నుంచి బహామాస్, మెక్సికో వైపు, ఎండాకాలంలో సియాటిల్ నుంచి అలాస్కా వైపు వెళ్తున్నారు. పెద్దవాళ్లకి ఇంతకన్నా సుఖమైన ప్రయాణం లేదని నా అభిప్రాయం. రోజుకో హోటల్ మారక్కర్లేదు, సూట్‌కేస్ ఒక్కసారి తెరిస్తే చాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా డెక్ మీద కూర్చుని సముద్రాన్ని చూస్తూ నాలుగు ఊళ్లు తిరిగి రావచ్చు.

అయితే షిప్‌లో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు షిప్ ఎక్కకముందు, ఇంట్లో ఉండగానే సరిచేసుకోవలసినవి. ఎక్కాక చేయగలిగింది తక్కువ. అందుకే ఆఫర్ చూసి టికెట్ కొనేయకుండా, అందరి పాస్‌పోర్టులూ ముందు పెట్టుకుని బుకింగ్ మొదలుపెట్టండి.

"చెక్-ఇన్ దగ్గర మాలో ఒకరిని ఎక్కనివ్వలేదు"

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇదే. డబ్బులు తిరిగి రావు, మిగతావాళ్లు వెళ్లాలో మానాలో తేల్చుకోలేక పోర్టులోనే నిలబడిపోతారు. దీనికి కారణాలు మూడు నాలుగు ఉన్నాయి.

మొదటిది, విన్న మాటని అందరికీ వర్తింపజేసుకోవడం. అమెరికా పోర్టులో బయల్దేరి మళ్లీ అదే పోర్టుకి వచ్చే క్రూజ్‌లో, అమెరికా పౌరులు బర్త్ సర్టిఫికెట్, ఫొటో ఐడీతో వెళ్లి రావచ్చు. చిన్నపిల్లలకైతే బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చాలు. అక్కడ పుట్టిన మీ పాపకి ఇది సరిపోతుంది. మీకు, మీ అమ్మానాన్నలకు సరిపోదు. ఇండియా పాస్‌పోర్టు, చెల్లుబాటులో ఉన్న అమెరికా మల్టిపుల్ ఎంట్రీ వీసా (ఒకటికన్నా ఎక్కువసార్లు వచ్చే వీలున్నది) చేతిలో ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకైతే వీసా బదులు ఆ కార్డు, అదీ అసలుది ఉండాలి. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు ఉండేలా చూసుకోండి.

రెండోది, మన ఐటీ వాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది, హెచ్1బీ స్టాంపింగ్, అంటే ఉద్యోగ వీసాని పాస్‌పోర్టులో వేయించుకోవడం. ఐ-797 (హెచ్1బీ ఆమోదించినట్టు ఇచ్చే కాగితం) ఉంది, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఉంది, పాస్‌పోర్టులో వీసా స్టాంప్ మాత్రం ఎప్పుడో అయిపోయింది. అమెరికాలో ఉద్యోగం చేసుకోవడానికి అడ్డు లేదు కాబట్టి ఆ సంగతే గుర్తుండదు. కానీ బహామాస్‌లో ఒక పూట గడిపి వచ్చినా అమెరికా బయటికి వెళ్లి వచ్చినట్టే లెక్క. స్టాంప్ అయిపోయినా 30 రోజుల లోపు వెళ్లి తిరిగి రావచ్చనే సదుపాయం ఒకటుంది, దాన్నే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. హెచ్1బీ వాళ్లకు, వాళ్ల కుటుంబానికి ఇచ్చే హెచ్4 వాళ్లకు అది కెనడా, మెక్సికోలకే. చుట్టుపక్కల దీవులకు కూడా వర్తించేది ఎఫ్ (విద్యార్థులు), జె (ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం) వీసాల వాళ్లకు, అందులోనూ క్యూబా మినహా. కొత్త వీసాకి దరఖాస్తు పెట్టి ఉంటే ఆ సదుపాయం అసలు పనిచేయదు. మెక్సికోలోని కోజుమెల్‌కి మాత్రమే వెళ్లే క్రూజ్ అయితే కాగితం మీద కుదురుతుంది. కానీ అదే రూట్‌లో గ్రాండ్ కేమన్ దీవిలో కూడా ఆగితే కుదరదు. తుపాను వల్ల కెప్టెన్ దారి మార్చినా చిక్కే. స్టాంప్ లేనివాళ్లు క్రూజ్ వాయిదా వేసుకోవడమే మంచిది. ఇండియా వెళ్లి స్టాంపింగ్ అయ్యాక నిశ్చింతగా వెళ్లండి.

మూడోది, అలాస్కా. "అలాస్కా అమెరికాలోదేగా, వీసా ఎందుకు?" అని అడుగుతారు. 1886 నాటి చట్టం ఒకటి ఇంకా అమల్లో ఉంది. దాని ప్రకారం విదేశీ జెండాతో నడిచే షిప్ అమెరికా పోర్టులో ఎక్కించుకున్నవాళ్లని తిప్పి అక్కడే దింపాలంటే మధ్యలో ఏదో ఒక విదేశీ పోర్టులో ఆగాలి. పెద్ద క్రూజ్ షిప్‌లు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే సియాటిల్ క్రూజ్‌లు కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగుతుంటాయి. ఇండియా పాస్‌పోర్టుతో, విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లకి కెనడా వీసా కావాలి. "మేం దిగం, లోపలే ఉంటాం" అంటే సియాటిల్‌లో ఒప్పుకోరు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, కార్డు చూపిస్తే చాలు. కెనడా వీసాకి ఎన్ని వారాలు పడుతుందో చూసుకుని, అది చేతికొచ్చాకే ఫైనల్ పేమెంట్ కట్టండి.

ఇంకో మాట. ఒక రకం వీసా స్టేటస్ నుంచి ఇంకోదానికి మారడానికి ఐ-539 ఫారం పెట్టి జవాబు కోసం చూస్తున్నవాళ్లు దేశం దాటితే ఆ దరఖాస్తుని వదులుకున్నట్టే. ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉండి, హెచ్ లేదా ఎల్ ఉద్యోగ వీసాల స్టేటస్ లేనివాళ్లు అడ్వాన్స్ పెరోల్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా వెళ్లకూడదు. ఇలాంటిదేమన్నా ఉంటే లాయర్ని అడగకుండా బుక్ చేయొద్దు. రూట్‌లో ఉన్న ప్రతి దేశం పేరూ రాసుకుని, ఇండియా పాస్‌పోర్టుకి ఎక్కడేం కావాలో క్రూజ్ కంపెనీ నుంచి ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట పోర్టులో చూపించలేం.

"ఫ్లైట్ లేటయింది, షిప్ వెళ్లిపోయింది"

చెక్-ఇన్ షిప్ కదలడానికి గంట, గంటన్నర ముందే మూసేస్తారు. ప్రయాణికుల జాబితా ముందే ప్రభుత్వానికి అందాలి కాబట్టి ఆ టైమ్ దాటాక బతిమాలినా లాభం లేదు. ముందు రోజే ఆ ఊరు చేరుకోండి. ఒక రాత్రి హోటల్ ఖర్చు గురించి ఆలోచించకండి.

"సాయంత్రమైనా సూట్‌కేసులు రూమ్‌కి రాలేదు, నాన్న మందులు అందులో ఉన్నాయి"

పోర్టులో పోర్టర్లకి ఇచ్చిన సామాను వేల బ్యాగుల మధ్య స్కానింగ్ అయి, రాత్రి భోజనాల వేళకి గానీ రూమ్ ముందుకి రాదు. బీపీ, షుగర్ మందులు, పాస్‌పోర్టులు, కళ్లజోడు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. పాస్‌పోర్టు పెద్ద సూట్‌కేసులో పెట్టి పోర్టర్‌కి ఇచ్చేస్తే చెక్-ఇన్ దగ్గరే ఆగిపోతారు. ఇన్సులిన్ వాడేవాళ్లు ఉంటే ముందే చెప్పండి. రూమ్‌లో ఉండే మినీ ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు, మందుల కోసం వేరే ఫ్రిజ్ అడిగి తీసుకోవాలి.

సూట్‌కేసు వచ్చింది గానీ అందులోంచి వస్తువు తీసేశారంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, నిప్పు భయం. చిన్న రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు, కొవ్వొత్తులు, అగరబత్తులు ఏవీ ఒప్పుకోరు. రశీదు ఇచ్చి దాచి, ఆఖరి రోజు ఇస్తారు. అమ్మ పొద్దున్నే దీపం పెట్టుకోవాలంటే బ్యాటరీ దీపం తీసుకెళ్లండి. వేడినీళ్లు బఫేలో ఎప్పుడూ ఉంటాయి.

"అమ్మ రెండు రోజులుగా బ్రెడ్డు, పళ్లతోనే గడుపుతోంది"

తిండి లేక కాదు, అడగక. షిప్‌లో తిండికి కొదవే ఉండదు, కానీ మన పెద్దవాళ్లు మొహమాటంతో "నాకేం వద్దులే, ఆకలి లేదు" అనేస్తారు. మెనూలో కనబడేదే ఉంటుందని మనం కూడా అనుకుంటాం.

మొదటి రాత్రి మెయిన్ డైనింగ్ రూమ్‌కి వెళ్లి, వెయిటర్‌తో పాటు హెడ్ వెయిటర్‌ని పిలిపించి మాట్లాడండి. పెద్ద షిప్‌లలో వంటవాళ్లు, వడ్డించేవాళ్లలో మన దేశంవాళ్లు చాలామంది ఉంటారు. "రేపు రాత్రికి అన్నం, పప్పు, ఒక కూర, కాస్త కారంగా" అని ముందు రోజు చెబితే చేసి పెడతారు. అదే టేబుల్, అదే టైమ్ తీసుకుంటే రోజూ ఒకే వెయిటర్ వస్తాడు, మళ్లీ మళ్లీ చెప్పే పని ఉండదు. ఉల్లి వెల్లుల్లి తిననివాళ్లు ఉంటే బుక్ చేసినప్పుడే రాతపూర్వకంగా తెలియజేయాలి.

పెరుగన్నం సంగతి. ప్లెయిన్ యోగర్ట్ పొద్దున బఫేలో ఉంటుంది, అన్నం మధ్యాహ్నం వస్తుంది. మధ్యాహ్నం పెరుగు బయట కనబడకపోతే కౌంటర్ దగ్గర అడగండి, లోపలి నుంచి తెచ్చిస్తారు. ఇంట్లో చేసిన ఆవకాయ, కందిపొడి చాలా కంపెనీలు ఒప్పుకోవు. షాపులో కొన్న, సీల్ విప్పని పచ్చడి ప్యాకెట్ అయితే సాధారణంగా అడ్డు చెప్పరు. పూర్తి శాకాహారులు సూప్ దగ్గర జాగ్రత్తపడాలి. కూరగాయల సూప్ అని రాసి ఉన్నా చికెన్ నీళ్లతో కాచి ఉండొచ్చు. మూస్, పుడింగ్‌లలో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) ఉండొచ్చు. తినేది ఏదైనా షిప్‌లోంచి ఒడ్డుకి తీసుకెళ్లకండి, ముఖ్యంగా పళ్లు. పోర్టుల్లో జరిమానా వేస్తారు.

కడుపులో తేడా చేస్తే మాత్రం తిండిని తప్పుపట్టే ముందు చేతులు కడుక్కుంటున్నారా లేదా చూసుకోండి. షిప్‌లలో వ్యాపించే నోరోవైరస్ శానిటైజర్‌కి సరిగా లొంగదు, సబ్బు, నీళ్లు కావాలి. వాంతులు, విరేచనాలు మొదలైతే దాచకుండా షిప్ డాక్టర్‌కి చెప్పాలి. షిప్ డాక్టర్ ఫీజు ఎక్కువే. పెద్దవాళ్లకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ అమెరికా బయట, సముద్రం మీద కూడా పనిచేస్తుందో లేదో, అక్కడి నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు ఇస్తుందో లేదో ముందే చూసుకోండి.

"తల తిరుగుతోంది, వికారంగా ఉంది"

కదలికని లోపలి చెవి గుర్తిస్తుంది, కళ్లకి మాత్రం గోడలు కదలకుండా కనబడతాయి. ఆ తేడాకే వికారం. అందుకే కిటికీ లేని రూమ్‌లో పడుకుంటే ఎక్కువవుతుంది. రూమ్ ఎంచుకునేటప్పుడే షిప్ మధ్య భాగంలో, కింది డెక్‌లో తీసుకోండి, అక్కడ ఊపు తక్కువ. వికారం మొదలయ్యాక డెక్ మీదకి వచ్చి దూరంగా ఆకాశం, నీళ్లు కలిసే గీతని చూస్తూ కూర్చోవాలి. ఖాళీ కడుపుతో ఉండకూడదు. ఉప్పు బిస్కెట్లు, అల్లం మురబ్బా మంచివి. మెక్లిజిన్ మాత్రలు చీటీ లేకుండానే దొరుకుతాయి. వికారం వచ్చాక కాదు, గంట ముందే వేసుకోవాలి, నిద్ర వస్తుంది. గ్లకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు.

"బాత్రూమ్‌లో నాన్నగారు తూలి పడబోయారు"

చాలా షిప్‌లలో బాత్రూమ్ గుమ్మం దగ్గర నాలుగైదు అంగుళాల ఎత్తున గడప ఉంటుంది. రాత్రి చీకట్లో కాలు తగులుతుంది. చిన్న నైట్ ల్యాంప్ పెట్టండి, ఆ గడపని మొదటి రోజే చూపించండి. మగ్గు ఉండదు, ఒక ప్లాస్టిక్ మగ్గు తీసుకెళ్లడం మరిచిపోవద్దు. గోడలు ఇనుపవి కాబట్టి అయస్కాంతం కొక్కేలు అతుక్కుంటాయి, టవల్స్ ఆరేసుకోవచ్చు.

"ఒడ్డుకి దిగాం, తిరిగొచ్చేసరికి షిప్ కదిలిపోయింది"

ఇది టైమ్ తేడా వల్ల వస్తుంది. షిప్ తన టైమ్ ప్రకారం నడుస్తుంది, ఫోన్ ఊరి టైమ్‌కి మారిపోతుంది. కోజుమెల్ ఏడాది పొడవునా ఒకే టైమ్ మీద ఉంటుంది. వేసవిలో మయామి నుంచి వెళ్తే అది ఒక గంట వెనక. షిప్ టైమ్ మార్చకపోతే, మీ ఫోన్‌లో మూడున్నర అయినప్పుడు షిప్ గడియారంలో నాలుగున్నర. నాలుగింటికల్లా ఎక్కాలి అన్నారనుకోండి, ఇంకా అరగంట ఉందని మీరు బీచ్‌లో కూర్చుని ఉంటారు.

మామూలు చేతి గడియారం ఒకటి షిప్ టైమ్‌కి పెట్టి దిగేటప్పుడు కట్టుకోండి. కదిలే టైమ్‌కి అరగంట, గంట ముందే అందరూ ఎక్కాలన్న నిబంధన ఉంటుంది, మీరు అంతకన్నా గంట ముందుండండి. షిప్ వాళ్లే అమ్మే టూర్ ఆలస్యమైతే ఆగుతారు లేదా తర్వాతి పోర్టుకి చేరుస్తారు, బయట మాట్లాడుకున్న టాక్సీకి ఆ హామీ లేదు. పెద్దవాళ్లతో ఉన్నప్పుడు నేను షిప్ టూర్‌కే ఓటేస్తాను, ఖరీదైనా సరే. గ్రాండ్ కేమన్ లాంటి చోట షిప్ రేవుకి ఆనదు, చిన్న పడవలోకి దిగి వెళ్లాలి. మోకాళ్ల నొప్పి ఉంటే ఆ రోజు పైనే ఉండడం నయం.

"ఆఖరి రోజు బిల్లు చూసి గుండె ఆగినంత పనైంది"

టికెట్‌లో లేనివి చాలా ఉంటాయి. టిప్పు మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్లు, పిల్లలకి కూడా. కూల్ డ్రింకులు, ఫొటోలు, వైఫై విడిగా. పిల్లల కార్డు మీద కొనుగోళ్లు ఆపేయమని గెస్ట్ సర్వీసెస్‌లో మొదటి రోజే చెప్పండి. డెబిట్ కార్డు ఇవ్వొద్దు, బ్యాంకులో డబ్బు కొన్నాళ్లు హోల్డ్‌లో పడిపోతుంది.

ఫోన్ బిల్లు వేరే. సముద్రం మీద ఫోన్లు షిప్ సొంత నెట్‌వర్క్ పట్టుకుంటాయి, దాని రేటు చాలా ఎక్కువ. రేవు దాటకముందే అందరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఓటీపీల కోసం రోమింగ్ వేయించిన అమ్మానాన్నల ఇండియా సిమ్‌ని ఎవరూ పట్టించుకోరు, ఆ ఫోన్ని కూడా అలాగే పెట్టండి.

"దిగే రోజు పొద్దున వేసుకోవడానికి బట్టలు లేవు"

ఆఖరి రాత్రి సూట్‌కేసులు రూమ్ బయట పెట్టమంటారు, అవి టెర్మినల్‌లో గానీ దొరకవు. మర్నాటి బట్టలు, చెప్పులు, మందులు, పాస్‌పోర్టులు తీసి పక్కన పెట్టుకున్నాకే తాళం వేయండి. సామాను మీరే మోసుకోగలిగితే బయట పెట్టక్కర్లేదు, ముందుగా దిగిపోవచ్చు. పెద్దవాళ్లకి వీల్‌చైర్ కావాలంటే ముందు రోజే గెస్ట్ సర్వీసెస్‌లో పేరు రాయించాలి. ఇమ్మిగ్రేషన్ లైన్ ఎంతసేపు పడుతుందో చెప్పలేం కాబట్టి తిరుగు ఫ్లైట్ మధ్యాహ్నం ఒంటి గంట తర్వాతదే తీసుకోండి. ఇంటికొచ్చాక రెండు మూడు రోజుల్లో మీ ఐ-94, అమ్మానాన్నల ఐ-94 ఆన్‌లైన్‌లో తీసి తేదీలు చూడండి. పాస్‌పోర్టు గడువు దగ్గర్లో ఉంటే ఐ-94ని కూడా ఆ తేదీకే కుదించి ఇస్తారు.