స్వారీ గుర్రం త్వరగా అలిసిపోతోందా? మేత, దాణా ఇలా సరిచేయండి

బెంగళూరులో యలహంక, దేవనహళ్లి, సర్జాపుర వైపు ఫారాల్లో సొంత గుర్రాన్ని ఉంచి, వీలైనప్పుడల్లా స్వారీకి వెళ్లే తెలుగువాళ్లు ఉన్నారు. నాలుగు రౌండ్లు ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం) చేయించేసరికి గుర్రం డీలా పడితే మనకు తోచే మొదటి ఆలోచన ఉలవలు పెంచడం. గుర్రం అనగానే మనకు ఉలవలే గుర్తొస్తాయి మరి. కానీ ఉలవల్లో ప్రొటీన్ పాలు ఎక్కువ. అది కండకు కావాలి గానీ పరుగుకు మంచి ఇంధనం కాదు. ఉడకబెట్టి కొంచెం పెట్టొచ్చు. మోతాదు మించితే లాయంలో మూత్రం ఘాటు పెరుగుతుంది.

దాణా జోలికి వెళ్లేముందు జబ్బేమీ లేదని తేల్చుకోండి. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయి ఉంటే రక్తహీనత కావచ్చు. పిడుదుల వల్ల వచ్చే బెబీసియా, జోరీగలు అంటించే సర్రా, కడుపులో పురుగులు, ఏవైనా కారణం కావచ్చు. జ్వరం 101.5 ఫారన్‌హీట్ దాటినా, నమిలిన గడ్డిని ఉండలుగా ఉమ్మేస్తున్నా డాక్టర్‌ని పిలవండి. రెండోది సాధారణంగా పళ్ల సమస్య. వీటిని ఏ దాణా నయం చేయదు.

ఇప్పుడు గుర్రం బరువు తెలుసుకోవాలి. టేపుతో ముంగాళ్ల వెనకనుంచి ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు చివరి వరకు పొడవు సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, ఆ వచ్చినదాన్ని పొడవుతో గుణించి 11,880తో భాగించండి. చుట్టుకొలత 180, పొడవు 160 అయితే సుమారు 436 కిలోలు వస్తుంది.

ఆ బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం ఎండుగడ్డి రోజూ పడాలి. అంటే మన లెక్కలోని గుర్రానికి ఆరున్నర నుంచి తొమ్మిది కిలోలు. నా ఉద్దేశంలో అసలు లోటు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. పచ్చగడ్డి మోపు చూడటానికి పెద్దగా ఉంటుంది కానీ అందులో దాదాపు 80 శాతం నీళ్లే. పది కిలోలు వేస్తే కడుపులోకి వెళ్లే మేత రెండు కిలోలు. రాగి గడ్డి కడుపు నింపుతుంది గానీ, అదొక్కటే అయితే బలం చాలదు. మంచి ఓట్ గడ్డి లేదా రోడ్స్ గడ్డి వేసి, కొంచెం లూసర్న్ (పప్పుజాతి మేత) కలపండి. రెండు వారాలు కేవలం గడ్డి సరిచేసి చూడండి. చాలా గుర్రాలు అంతటితోనే తేరుకుంటాయి.

అప్పటికీ చాలకపోతే ఓట్స్. ఇక్కడ డబ్బా లెక్క అస్సలు పనికిరాదు. లీటరు డబ్బాలో ఓట్స్ అర కిలో దాకా పడితే, మొక్కజొన్న ముప్పావు కిలో దాకా పడుతుంది, గోధుమ పొట్టు పావు కిలో కూడా తూగదు. సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) రోజూ ఒకే డబ్బా నింపుతున్నా లోపలి సరుకు మారితే మోతాదు మారిపోతుంది. వంటింటి తూకం ఒకటి లాయంలో పెట్టండి. పూటకు అర కిలోతో మొదలుపెట్టి పది రోజుల్లో మెల్లగా పెంచండి, కానీ పూటకు కిలో దాటనివ్వకండి. గుర్రం కడుపు చిన్నది. చిన్నపేగులో అరగని పిండిపదార్థం పెద్దపేగులోకి వెళ్లి పులుస్తుంది, కడుపునొప్పి, డెక్కల వాపు అక్కడే మొదలవుతాయి.

ఓట్స్‌తో గుర్రం తొందరగా హుషారవుతుంది, కొన్నిటికి దుడుకూ వస్తుంది. బెదిరే గుర్రమైతే ఓట్స్ తగ్గించి నూనె కలపండి. రోజుకు 30 మిల్లీలీటర్ల సన్‌ఫ్లవర్ లేదా తవుడు నూనెతో మొదలుపెట్టి, మూడు వారాల్లో 150 వరకు తీసుకెళ్లొచ్చు. విటమిన్ ఇ కూడా ఎంత ఇవ్వాలో డాక్టర్‌ని అడగండి. దూరం స్వారీకి నూనె బలమే మేలు.

ఉప్పు రోజుకు 30 గ్రాములు, ఏప్రిల్ ఎండల్లో జీను కింద గుడ్డ తడిసిపోయిన రోజు ఇంకో 30. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, 25 నుంచి 50 లీటర్లు తాగుతుంది.

పొద్దున ఆరింటికి స్వారీ ఉంటే ఐదింటికి దాణా పెట్టకండి. కిలో ఎండుగడ్డి చాలు, ఉత్త కడుపుతో పరిగెత్తితే ఆసిడ్ ఎగదన్ని పుండ్లు పడతాయి. దాణా స్వారీ తర్వాత, గుర్రం ఊపిరి కుదుటపడ్డాక గంటకు.

పని లేని రోజు దాణా సగానికి తగ్గించండి, గడ్డి మాత్రం అలాగే ఉంచండి. ఆదివారం పూర్తి దాణా తిని కదలకుండా నిల్చున్న గుర్రానికి సోమవారం స్వారీలో వెనక కండరాలు బిగుసుకుపోవచ్చు. అడుగు వేయలేక చెమటలు కక్కుతున్నా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా నడిపించకండి. జీను తీసి, ఉన్నచోటే నీళ్లు పెట్టి, డాక్టర్‌కి ఫోన్ చేయండి.