బ్రిటన్‌లో లా సీటుకు అప్లై చేసే ముందు జాగ్రత్తలు

ఎ-లెవెల్స్‌లో (అక్కడి ఇంటర్ స్థాయి పరీక్షలు) ప్రిడిక్టెడ్ గ్రేడ్లు, అంటే టీచర్లు ముందే అంచనా వేసి ఇచ్చే గ్రేడ్లు, ఒకటి ఎ-స్టార్, ఒకటి బి, ఇంకొకటి సి వచ్చాయా? టెన్షన్ పడకుండా, యూకాస్ (అక్కడి యూనివర్సిటీలకు దరఖాస్తులు తీసుకునే సంస్థ) ఫారం పంపేలోపు ఇవి చూసుకోండి.

– తక్కువ గ్రేడ్ ఇచ్చిన టీచర్‌ను ముందే కలవండి. ఏ టెస్టులో ఎంత తెస్తే పెంచుతారో అడగండి. ఫారం వెళ్లిపోయాక అడిగి లాభం లేదు. అనారోగ్యమో, ఇంట్లో కష్టమో కారణమైతే రిఫరెన్స్‌లో (మీ గురించి స్కూలు రాసి పంపేది) రాయమని చెప్పండి. పర్సనల్ స్టేట్‌మెంట్‌లో (మీ గురించి మీరే రాసుకునేది) మాత్రం సంజాయిషీ వద్దు. ఖాళీలతో కలిపి ఉండేదే 4,000 క్యారెక్టర్లు, అవి లా మీద మీ ఆసక్తికే చాలవు.

– 5 ఛాయిస్‌లూ పెద్ద పేర్లకే పెట్టకండి. రెండైనా అందేవి ఉండాలి.

– కొన్ని యూనివర్సిటీలు అడిగే లా ప్రవేశ పరీక్ష ఎల్‌నాట్‌ను ఆ ఏడాదికి ఒక్కసారే రాయనిస్తారు. 42 ప్రశ్నలకు 95 నిమిషాలు, వ్యాసానికి 40. ప్రాక్టీస్ టెస్టులు టైమ్ పెట్టుకుని రాశాకే వెళ్లండి.

– ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు గడువు అక్టోబరు 15.